పొగ చదివేవాడు

మూడు దాటాక మొదటి పొగ కనిపించింది. మనది కాదు. తెల్లగా వస్తోంది, మధ్యమధ్య తెగుతోంది, అంటే ఇంజిన్లోకి ఎక్కడో నీళ్లు దిగుతున్నాయి. ఆ డ్రైవరుకు ఆ సంగతి ఇంకా తెలియదు, ఇంకో రెండు ట్రిప్పులయ్యాక నడిసముద్రంలో నిలబడిపోయినప్పుడు తెలుస్తుంది. నాకు మాత్రం ఇక్కడ జువ్వలదిన్నె జెట్టీ మీద, తాడుచుట్ట మీద కూర్చుని, బోటు ఆవగింజంత కూడా కనపడకముందే తెలుసు. "ఎవురిది పోలేరయ్యన్నా?" అని అడిగింది చెంచులక్ష్మి. చేపల గంపలు నాలుగు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని నా వెనకే కూర్చుని ఉంది. "మనోళ్లది కాదులే, ఉత్తరాదోళ్లది, పైకి పోతాండాది" అన్నాను. ఆమె మళ్లీ వక్కాకు నమలడంలో పడింది. ముప్పై ఏళ్లుగా, నేను ఒడ్డున ఉన్న పూట, బోట్ల కోసం వచ్చిన ఆడవాళ్లు సముద్రం వైపు చూడరు, నా మొహం వైపు చూస్తారు. నల్లపొగ అయితే డీజిలు ఎక్కువై ఇంజిను ఉక్కిరిబిక్కిరవుతోంది, లేదంటే మోయలేని బరువు లాగుతోంది. నీలంపొగ అయితే ఇంజిను తన ఆయిలు తానే తాగుతోంది, ముసలిదైపోయింది. తెల్లపొగ అయితే నీళ్లు. మనిషికో నడక ఉన్నట్టు బోటుకో పొగ ఉంటుంది. నేను డ్రైవరుగా ఉన్న ఇరవై ఆరేళ్లూ మా బోటుకు నా పొగే ఉండేది, కాటుక లాంటి నలుపు, చివర కొంచెం ఎడమకు వంగేది. అదిగో పోలేరయ్య పొగ అనేవాళ్లు, అన్నం పొయ్యి మీద పెట్టుకునేవాళ్లు. ఇప్పుడు ఆ బోటుకు పొగ లేదు. నా అల్లుడు గణేష్ తీసేశాడు. అందుకే దాన్ని దూరం నుంచి ఎవరూ గుర్తుపట్టలేరు, నేను కూడా. రొంటిన చెయ్యి పెట్టి చూసుకున్నాను. రెండు బోల్టులూ ఉన్నాయి, లుంగీ మడతలో ఒంటికి ఒరుసుకుని వెచ్చగా ఉన్నాయి.

ఈ బోల్టుల సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. సోమవారం పొద్దున బోటు కదిలే ముందు, ఐసు దించుతున్న సందట్లో, ఒకసారి నా ఇంజిను చూసుకుని వస్తానురా అంటే వద్దనేవాడెవడు. దిగాను. ఇంజిను పొగ పోయే గొట్టం, కలాసీలు పడుకునే కేబిన్ వెనక చెక్కల సందులోంచి పైకి పోతుంది. అక్కడ రెండు గొట్టాలు కలిసేచోట నాలుగు బోల్టులు, మధ్యలో ప్యాకింగు, పైన ఆస్బెస్టాస్ తాడు చుట్టి ఉంటుంది. ఆ తాడు చుట్టింది నేనే, విప్పడం నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది. పంతొమ్మిదో నంబరు స్పానరుతో రెండు బోల్టులు ఊడదీశాను, మిగిలిన రెండూ వదులు చేశాను, ప్యాకింగు గీరి పడేశాను, తాడు మళ్లీ నీటుగా చుట్టేశాను. ఐదు నిమిషాల పని. కేబిన్ నిండా పొగ కమ్ముకుంటుంది, కళ్లు మండుతాయి, దగ్గలేక చస్తారు, మంగళవారం సాయంత్రానికి బోటు వెనక్కి తిప్పుకుని వస్తారు, అల్లుడి మొహం మసికొట్టుకుపోయి ఉంటుంది, ఓనరు పెంచలప్రసాద్ నా ఇంటికి మనిషిని పంపిస్తాడు, పోలేరయ్యా నువ్వే వచ్చి చూడాల అంటాడు. అంతే అనుకున్నాను. పోలేరమ్మ తోడు, అంతకుమించి ఏమీ అనుకోలేదు. ఒక్క ముక్క మరిచిపోయాను. ఆ బోటుకు ఇప్పుడు పొగ లేదు. ముప్పై ఏళ్లు పొగను కళ్లతో చదివినవాణ్ణి కదా, కంటికి కనపడేదే పొగ అనుకున్నాను. చదువురానివాడైతే ఈ తప్పు చేసేవాడు కాదు.

దగ్గు వచ్చింది. వస్తే ఒకంతట పోదు, కూర్చున్న తాడుచుట్ట కూడా కదులుతుంది. నీ రొమ్ములో ఇంకో బోటు నడస్తాండాది, దాన్నన్నా కాసేపు ఆపు అంటుంది ఇంట్లో నా పెళ్లాం కామమ్మ. ఇరవై ఆరేళ్లు ఆ ఇంజిను పక్కన నిలబడ్డాను. పళ్ల సందుల్లో మసి, చెవుల్లో మసి, తుమ్మితే తువ్వాలు మీద మసి. నా చెమటకు డీజిలు వాసన, రోజారమణి పసిబిడ్డగా ఉన్నప్పుడు చీకట్లో కూడా ఆ వాసన పట్టుకుని నా దగ్గరికి పాకుతూ వచ్చేది. ఒక్కగానొక్క కూతురు. ఆ కూతురి మొగుడే నా సీట్లో కూర్చున్నాడు. ఎనిమిది నెలల కిందటి మాట. పెంచలప్రసాద్ మర్యాదస్తుడు, ఇంటికి పిలిచి కుర్చీ వేయించి మరీ చెప్పాడు. "ఇంక రెస్టు తీసుకో పోలేరయ్యా, నీ దగ్గుకి బోటే ఊగతాండాది, గణేషు చూసుకుంటాడులే." గణేషు. ఆ చేతులకు స్పానరు పట్టడం నేర్పింది నేను. తప్పు నంబరు అందిస్తే వేళ్ల మీద కొట్టి నేర్పాను. ఏరు దాటి తెప్ప తగలేశాడు. మొదటి వారమే నాజిళ్లూ పంపూ విప్పి కావలి పట్టుకుపోయి, మిషన్ మీద పెట్టి సరిచేయించుకొచ్చి, ఈ జెట్టీ మీదే, ఇంతమంది ముందు స్టార్టు చేశాడు. గొట్టం మూతికి తెల్లతువ్వాలు అడ్డం పట్టాడు. నిమిషం అయ్యాక తీసి నలుగురికీ చూపించాడు. చింతగింజంత బూడిదరంగు మచ్చ, అంతే. "మామా, నువ్వు ఇరవై ఆరేండ్లు డీజిలు కాల్చలేదు, తగలేసినావు" అని నవ్వాడు. చెంచులక్ష్మి నవ్వింది. ఐసు మోసేవాళ్లు నవ్వారు. పెంచలప్రసాద్ తువ్వాలు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి మరీ నవ్వాడు. నేను కూడా నవ్వాను. నవ్వి ఇంటికి పోయి ఆ రోజు అన్నం ముట్టలేదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. పొగ లేకుండా మండే నిప్పు ఒకటుంటుందని ఆ పూట నాకు తెలిసింది, అది నా కడుపులోనే ఉంది.

మంగళవారం బోటు రాలేదు. పంచాయతీ ఆఫీసు ముందు డేరా వేసి ఊపిరితిత్తుల క్యాంపు పెట్టారు, కామమ్మ రెక్కపట్టుకుని లాక్కుపోయింది. కావలి నుంచి ఫేబీ అని చిన్న డాక్టరమ్మ వచ్చింది, నా కూతురి కంటే రెండేళ్లు చిన్నదై ఉంటుంది. నోట్లో గొట్టం పెట్టి ఊదమంది. ఊదండి పెద్దాయనా, ఇంకా, ఇంకా, ఆపొద్దు. గొట్టం అవతల ముల్లు సగం కూడా లేవలేదు. ఇది డీజిలు మసి చేసిన పని అంది, సన్నటి మసి లోపలికి పోయి కూర్చుని మళ్లీ రాదంది. ఏదో ఒకటి అనాలి కదా, పైగా మంట ఉండనే ఉంది, "ఇప్పుడు మా అల్లుడి బోటుకి పొగే రాదమ్మా, వాడికి ఈ జబ్బు రాదు గదా?" అన్నాను. ఆమె చీటీ రాయడం ఆపి నా వైపు చూసింది. "పొగ కనపడకపోతే పొగ లేనట్టు కాదు పెద్దాయనా. నల్లగా కనిపించేది నిదానంగా చంపుతుంది. కనపడని గ్యాసులు కూడా ఉంటాయి. డీజిలైనా బొగ్గయినా మూసిన గదిలో కాలితే కార్బన్ మోనాక్సైడ్ అని ఒకటి చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో మంచిగాలి కూర్చోవాల్సిన చోట అది పోయి కూర్చుంటుంది, ఇంక లేవదు. ముందు తలనొప్పి, తర్వాత వాంతులు, తర్వాత నిద్ర. నిద్రలోనే పోతారు." ఒకరు కూర్చోవాల్సిన చోట ఇంకొకరు పోయి కూర్చోవడం నాకు కొత్తగా చెప్పాలా. కానీ చెయ్యి రొంటిన బోల్టుల మీదికి పోయింది. కేబిన్ గొట్టం లీకు లేకుండా చూసుకోమని మీ అల్లుడికి చెప్పండి అంది. అట్నే చెప్తానమ్మా అన్నాను. మాత్రలు ఇచ్చింది, తీసుకున్నాను, నమస్కారం కూడా పెట్టాను.

చెప్పొచ్చు. అక్కడ, ఈ తాడుచుట్టకు ముప్పై అడుగుల దూరంలో, నీలంరంగు తలుపున్న గది ఉంది. అది వైర్‌లెస్ గది. అందులో ఆపరేటరు సమాధానం కూర్చుని ఉంటాడు, పొద్దున్నే ప్రార్థన చేసుకుని గానీ సెట్టు ఆన్ చేయడు. బుధవారం తెల్లారగానే పోయాను. చెప్పడానికే పోయాను, ఆ మాట నిజం. సమాధానం రెండుసార్లు పిలిచేసరికి గణేష్ దొరికాడు, మైకు నా చేతికిచ్చాడు. బొత్తాం నొక్కితే నేను మాట్లాడాలి, వదిలితే వాడి మాట వస్తుంది. ఎట్టుండార్రా అన్నాను. "చేపలు బాగానే పడినాయి మామా, మనుషులకే బాగలేదు. రాత్రి నుంచి అందరికీ తల పగిలిపోతాండాది. సుధాకర్ రెండుతూర్లు కక్కినాడు. కూరలో ఏందో పడుంటాది." సుధాకర్ వాడి కలాసీ. బొత్తాం నొక్కాను. సమాధానం నా భుజం పక్కనే పుస్తకం తెరుచుకుని నిలబడ్డాడు, వచ్చిన ప్రతి మాటా రాసుకుంటాడు, అది వాడి ఉద్యోగం. గొట్టం చూసుకోరా అంటే, నీకెట్టా తెలుసన్నా అంటాడు. డాక్టరమ్మ చెప్పిందనొచ్చు, అన్నా తాడు విప్పగానే బోల్టులు తీసిన చెయ్యి ఎవరిదో బయటపడుతుంది. సాయంత్రానికి ఊరి పెద్దలు, మా కాపులు, కూర్చుంటారు, నడిమధ్య నన్ను నిలబెడతారు, దురాయి వేస్తారు, ఇంక ఈ ఒడ్డున నాకు నిప్పిచ్చేవాడుండడు, నీళ్లిచ్చేవాడుండడు. కూతురు ఏమంటుంది. బొత్తాం నొక్కి పట్టుకునే ఉన్నాను. "మామా? వినపడతాండాదా?" అని వాడు అడుగుతూ ఉండి ఉంటాడు, నొక్కి ఉంచితే వాడి మాట రాదు కదా. చివరికి, నిమ్మకాయ నీళ్లు తాగండ్రా అన్నాను. వదిలాను. "సరే మామా. ఇంకా లోపలికి పోతాండాం, సెట్టు అందదేమో. చలిగాలి యమగా ఉండాది, ఈ రాత్రికి చుక్కాని కట్టేసి, ఇంజిను సన్నగా పెట్టి, తలుపు బిగించుకోని పడుకుంటాం" అన్నాడు. మళ్లీ నొక్కాను. పడుకోండి అన్నాను. ఒక్క మాట. దాన్ని కూడా సమాధానం పుస్తకంలో రాసుకున్నాడు. "అల్లుడంటే ఎంత ప్రేమన్నా నీకు" అన్నాడు.

ఈ రోజు గురువారం, బోటు తిరిగి రావాల్సిన రోజు. పొద్దున్నుంచి ఆ బోటు సెట్లోకి రాలేదు. లోపల ఉంటారులే, అందదు, అని సమాధానమే సర్దిచెప్పాడు. నేనూ సర్దిచెప్పుకుంటున్నాను. వాడు తెలివైనవాడు, తాడు తడిమి ఉంటాడు, వదులు బోల్టు వేలికి తగిలి ఉంటుంది. గాలికి తలుపు ఊడి ఉంటుంది. బోటు తలుపులు ఎప్పుడు సరిగ్గా పడ్డాయి గనక. తలుపు చెక్కకు కింద రెండు వేళ్ల సందు ఉండేది, ఉండేదా, కిందటేడు వానాకాలంలో దానికి రబ్బరు కొట్టింది నేనే కదా, చలి వస్తోందని కలాసీలు అడిగితే. కొట్టాను. బాగా కొట్టాను, నా పని ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. ఎండ చల్లబడుతోంది, ఇసకలో ఎండుచేపల వాసన, దాని మీద డీజిలు వాసన, ఎవడో ఇక్కడే జెట్టీ పక్కన ఇంజిను ఆన్ చేసి వదిలేసి టీకి పోయాడు. అది టకటకమంటూ నా మొహం మీదికే ఊదుతోంది. లేచి అవతలికి పోవచ్చు. పోలేదు. పీల్చాను. అందులో ఏది మసి, ఏది ఆ పిల్ల చెప్పిన రంగులేనిదో తెలుసుకుందామని గుండె నిండా పీల్చాను. ఏమీ తెలియలేదు. దగ్గు మాత్రం వచ్చింది.

"ఆ పొగలో కూర్చున్నావేంది నాయనా" అంటూ రోజారమణి వచ్చింది. తల్లో కనకాంబరాలు, చేతిలో ఫోను. సిగ్నలు అందగానే గణేష్ ఫోను చేస్తాడని పొద్దున్నుంచి దాన్ని నేల మీద పెట్టలేదు. పచ్చిచింతకాయ వేసి కానాగంతల పులుసు కాస్తాండాది అమ్మ, అల్లుడికని నాకు రుచి కూడా చూపించలా, అని చెప్పి నా పక్కన కూర్చుంది. కొంగుతో నా నుదురు తుడిచింది, కొంగు నల్లబడితే చూసి మడిచేసుకుంది. ఫోను ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "నాయనా, నీకొకటి చెప్పాల. కోప్పడొద్దు. డాక్టరమ్మ నీ చీటీ నాకు చూపించింది, ఇంక దాచుకోని ఏం జేసేది. నిన్ను బోటు దింపించింది ఆయన గాదు, నేను. నీ దగ్గు చూడలేక పెంచలప్రసాదు మామ కాళ్లు పట్టుకున్నా. నీ సీటు ఇస్తామంటే నీ అల్లుడు వద్దన్నాడు. పది దినాలు నాతో మాట్లాడలా. మామ చెమట గార్చిన చోట నేనెట్టా కూర్చునేది అన్నాడు. ఆ తువ్వాలు పట్టుకోని నవ్వినాడే, నలుగురి ముందర అట్టా అంటేనే మామ మళ్లీ బోటెక్కతానని అడగడు అని చెప్పింది గూడా నేనే. ఇంటికొచ్చి ఏడ్చినాడు నాయనా." చెప్పి, నా మొహం వైపు చూసింది, అందరూ చూసేట్టే, ఇప్పుడు ఏ పొగ వస్తుందో చూద్దామని.

నాకు ముందు కోపం వచ్చింది. ఇంకేదో రావాలి, రాలేదు, కోపమే వచ్చింది. నా బతుకు గురించి నన్ను అడక్కుండా ఇద్దరూ చాపమీద కూర్చుని మాట్లాడుకున్నారన్నమాట. అయితే వాడి తప్పు లేదు. తప్పు లేదు సరే, నవ్వాడు కదా. చెప్పమంటే చెప్పేయడమేనా, నవ్వమంటే అంత బాగా నవ్వాలా. ఆ మాట లోపల అనుకుంటున్నప్పుడే కాళ్లు లేచాయి. "యాడికి నాయనా?" అంది. నీళ్లు తాగొస్తానన్నాను. ముప్పై అడుగులు. లెక్కపెట్టుకుంటూ నడిచాను, పది దగ్గర దగ్గు, ఇరవై దగ్గర పెంచలప్రసాద్ మోటారుసైకిలు, చల్లగా ఉండావా పోలేరయ్యా అని పలకరించాడు, ఉన్నాను అయ్యా అన్నాను. నీలం తలుపు తీసే ఉంది. సమాధానం మైకులో పిలుస్తున్నాడు, బోటు పేరు, నంబరు, వినపడితే మాట్లాడు గణేషూ, దేవుని దయవల్ల వినపడితే మాట్లాడు. గరగరమని చప్పుడు తప్ప ఏమీ లేదు. నన్ను చూసి మైకు నా వైపు చాపాడు. "ఏమన్నా చెప్పాలా అన్నా? యెహోషువ బోటు గూడా ఆ పక్కనే ఉండాది, అతనికి అందినా చెప్తాడు." యెహోషువకు చెప్పినా చాలు. తలుపు తియ్యండి, గొట్టం వదులైంది, కేబిన్లో పడుకోవద్దు. మూడు మాటలు. ఇంకా బతికే ఉంటారేమో, తలనొప్పితో మూలుగుతూ పడి ఉంటారేమో, గాలి తగిలితే లేచి కూర్చుంటారేమో. నా చెయ్యి మైకు దాకా పోయింది. దాని పక్కన కుండ మీద గ్లాసు ఉంది. గ్లాసు తీసుకున్నాను. నీళ్లు ముంచుకుని తాగాను. ఏం లేదులే సమాధానం, వస్తారులే అన్నాను. మనిషిని తిట్టాలంటే నాకు చాలా మాటలు తెలుసు, ఈ ఒడ్డున నా నోటికి భయపడనివాడు లేడు. ఆ మాటల్లో ఒక్కటి కూడా నాకు సరిపోదు.

నాలుగు కావస్తుండగా ఆగ్నేయంగా పొగ లేచింది. గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టలేదు. యెహోషువ బోటుది ముసలి ఇంజిను, ఆయిలు తాగుతుంది, నీలంపొగ. కానీ ఈ రోజు నీలం కింద నలుపు ఉంది. నలుపంటే చిన్నాచితకా నలుపు కాదు. "ఎవురిదన్నా?" చెంచులక్ష్మి లేచి నిలబడింది. "యెహోషువది." "ఏంది, అంత నల్లగా ఉండాది?" చేపల బరువుకు వచ్చే నలుపు నాకు తెలుసు, మందంగా ఉంటుంది గానీ ఒకే తీరుగా వస్తుంది. ఇది గుక్కలు గుక్కలుగా వస్తోంది. ఒక గుక్క, ఆగడం, ఇంకో గుక్క. అల మీద తాడు బిగిసినప్పుడల్లా ఒకటి. వెనక ఇంకో బోటును కట్టుకుని లాగుతోంది. అందరూ నా మొహం వైపే చూస్తున్నారు. "చేపలు" అన్నాను. "బాగా పడినట్టుండాయి." చెంచులక్ష్మి గంపలు విడదీసింది. ఆమె చూసి ఇంకో నలుగురు విడదీశారు, ఒకామె ఐసు బండివాడికి కేక వేసింది. నేను తప్పు చదవలేదు. ఇంత దూరం నుంచి, కళ్లకు పొర వచ్చాక కూడా, గుక్కలు లెక్కపెట్టి తాడు ఉందని చెప్పగలిగినవాడు ఈ తీరంలో ఇంకొకడు లేడు. ఆ మాట మనసులోకి వచ్చింది, గర్వంగానే వచ్చింది. వచ్చినందుకు నా మీద నేను ఉమ్మేసుకోవాలి. పక్కకు ఉమ్మాను, నల్లగా పడింది.

కాసేపటికి ముందు బోటు తేలింది, దాని వెనక రెండోది. రోజారమణి తాడుచుట్ట మీదికెక్కి నిలబడింది, నా తల మీద చెయ్యి ఆనించుకుని. కళ్ల మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది, నవ్వింది. "మనదే! ఎనకాల వచ్చేది మనదే నాయనా! సూడు, యెహోషువన్న బోటు ఎట్టా కక్కతాండాదో, ఆయన బోటుకి సూడు, ఒక్క పోగు పొగ లేదు!" ఆ మాట జెట్టీ అంతా వినపడేలా అరిచింది. ఎనిమిది నెలలుగా వాళ్లాయన తెచ్చిన పేరు అది, అరవదా మరి. చెంచులక్ష్మి కూడా "అవునమ్మా, పొగే లేదు, పుణ్యాత్ముడు" అంది. నేను అవునన్నాను. పొగ లేదు. ఇంజిను చచ్చిపోయిన బోటుకు పొగ ఎక్కణ్ణించి వస్తుంది. రెండు బోట్ల మధ్య తాడు నీళ్లలోంచి లేచి మెరిసి మళ్లీ మునిగింది, అది ఉందని తెలియని వాళ్ల కళ్లకు ఇంకా ఆనలేదు. మా బోటు ముందు కొమ్మున ఎవరూ నిలబడి లేరు. గట్టు దగ్గరపడుతుంటే తాడు పట్టుకుని ఒకడు కొమ్మున నిలబడతాడు, ఎప్పుడూ నిలబడతాడు, వాడే ముందు చెయ్యి ఊపుతాడు.

నీలం తలుపులోంచి సమాధానం బయటికి వచ్చాడు. రోజారమణి వైపు ఒకసారి చూసి, అటు రాకుండా పెంచలప్రసాద్ దగ్గరికి పోయాడు, కళ్లతోనే నన్ను పిలిచాడు. వెళ్లాను. గొంతు తగ్గించి చెప్పాడు. "యెహోషువకి ఇప్పటికి సెట్టు అందింది. పొద్దున మన బోటు దానంతటది గుండ్రంగా తిరగతా ఉంటే అనుమానమొచ్చి ఎక్కినాడంట. ఇంజిను ఆపినాడు. సుధాకర్ కక్కుతా కక్కుతా బయట వల మీదనే పడుకోనుండాడు, వాడికి తెలివుండాది. లోపల నలుగురూ పడుకున్నోళ్లు పడుకున్నట్టే ఉండారంట, ఊపిరి లేదంట అయ్యా. గణేషు గూడా. తలుపు కాడ ఉండాడంట. గడి మీద చెయ్యి పెట్టుకోని." పెంచలప్రసాద్ మోటారుసైకిలు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. ఏడుస్తున్నాడు. "పోలేరయ్యా, ఏమైందో నాకేం తెలుస్తాది, పొగ లేని ఇంజిన్ని జేసినాం గదయ్యా. పోలీసులొచ్చేలోపల నువ్వు ఎక్కి చూడాల. ఆ బోటు సంగతి నీకు తప్ప ఎవురికి తెలుసు. గట్టుకి రాకముందే ఫైబరు బోటులో ఎదురు పో. ముందు బిడ్డని ఇక్కడి నుంచి పంపించాల." ఎనిమిది నెలలు ఏ మాట కోసం కడుపు కాల్చుకున్నానో ఆ మాట అదే. మనిషిని పంపలేదు, స్వయంగా అడిగాడు, భుజాలు పట్టుకుని అడిగాడు. అట్నే అయ్యా అన్నాను.

ఆయనే కళ్లు తుడుచుకుని రోజారమణికి చెప్పాడు, ఇంజిను ఏందో మొరాయించిందమ్మా, యెహోషువ కట్టి లాక్కొస్తాండాడు, మీ నాయన ఎక్కి చూడాల, ఇంటికి పోయి ఆయన స్పానర్ల సంచీ పట్రా అని. ఆమెను ఆ జెట్టీ మీది నుంచి పంపడానికి అన్నాడు పాపం, మంచి మనిషి. ఆమె నా వైపు తిరిగింది. "నిన్ను పిలిచినారా నాయనా?" అంది, మొహం వెలిగిపోయింది. తప్పు చేసిన పిల్ల దిద్దుకునే దారి దొరికినట్టు పరిగెత్తింది, చెప్పులు చేతిలో పట్టుకుని ఇసకలో పరిగెత్తింది. ఫైబరు బోటు కింద మెట్ల దగ్గరికి వచ్చి ఆగింది. దిగాను. ఆమె రాకముందే పోవచ్చు, కానీ స్పానరు కావాలి. రెండు బోల్టులూ వాటి చోట కూర్చోవాలి, తాడు మళ్లీ నీటుగా చుట్టుకోవాలి, ఐదు నిమిషాల పని. ప్యాకింగు ఒకటే లేదు, దానికి ఏదన్నా గుడ్డ పెట్టొచ్చు, గుడ్డ మీద మసి పూయొచ్చు, మసి నా దగ్గర కావలసినంత ఉంది. సంచీ పట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది. మెట్ల మీద మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో నా చేతికి అందించింది. "బిరిన్నా బాగుచేసెయ్యి నాయనా. ఆయన నిద్ర లేక అలిసిపోయుంటాడు, పులుసు చల్లారిపోతాది" అంది. సరేనమ్మా అన్నాను. సంచీలో చెయ్యి పెట్టాను. చూసుకోనక్కర్లేదు, పంతొమ్మిదో నంబరు ఎక్కడుంటుందో నా వేళ్లకు తెలుసు.